బస్సు కిటికీలోంచి చూసిన స్తూపం



పోస్టు పెద్దగనే ఉంటది. హాస్టల్‌ల అందరూ పడుకున్నంక నాలుగైదు రాత్రులు కూర్చొని ఫోన్‌లనే టైపు చేసిన. తప్పులుంటే సర్దుకొని చదవండి. చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్ల మీ అందరినీ ఒకటి అడిగేది ఉంది.

నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. బాపు ఐదో తరగతి దాకా చదివిండు. అమ్మకు సంతకం వస్తది. మా ఊరు జైనూర్ అవతల ఒక చిన్న గూడ. ఊరి పేరు రాస్తలేను. ఎందుకు రాస్తలేనో చివరికి మీకే తెలుస్తది.

ఈ సంవత్సరం మొదట్ల మా హిస్టరీ సార్ ఒక ప్రాజెక్టు ఇచ్చిండు. "మీ ఉమ్మడి జిల్లాల ఉన్న ఐదు చారిత్రక ప్రదేశాల గురించి రాసుకరండి" అన్నడు. అందరం ఏం చేసినమో మీకు తెలుసు. ఫోన్ తీసినం, వెతికినం, ఎక్కిచ్చినం. క్లాసుల సగం మంది బాసర గుడి, జైనథ్ గుడి, నిర్మల్ కోట, కుంటాల జలపాతం, కడెం ప్రాజెక్టు రాసిన్రు. నేను మనోళ్లవి రాయాలె అనుకొని జోడేఘాట్, ఇంద్రవెల్లి స్తూపం, మార్లవాయి, కేస్లాపూర్, నిర్మల్‌ల రాంజీ గోండు ఉరి తీసిన మర్రి రాసిన. ఫొటోలు కూడా అంటిచ్చిన. కొంచెం గర్వంగనే సార్ చేతిల పెట్టిన.

సార్ అన్నీ తిరగేసి అడిగిండు. "వీటిల నువ్వు చూసినవి ఎన్ని?"

"ఇంద్రవెల్లి స్తూపం చూసిన సార్. ఊరికి పోయేటప్పుడు ప్రతిసారి బస్సులకెళ్లి చూస్త."

"ఎవరు కట్టిన్రు అది? ఎప్పుడు కట్టిన్రు?"

నాకు తెల్వదు. నేను రాసిన పేజీల కూడా అది లేదు. సార్ తిట్టలేదు. మెల్లగ అన్నడు, "అయితే నువ్వు చూడలేదు నాన్నా, దాటిపోయినవ్."

ఆ మాట నాకు మస్తు గుచ్చుకుంది. ఆరో తరగతి నుంచి హాస్టల్‌లనే ఉన్న. ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ పోయే ఆ తొవ్వల ఎన్నిసార్లు పోయిననో లెక్క లేదు. ఇంద్రవెల్లి వస్తుందంటే బస్టాండ్‌ల సమోసా కొనుక్కుందామా వద్దా అన్నదే నా ఆలోచన. ఎర్ర స్తూపం కనపడేది, పోయేది. దానికి, మా ఇంటికి ఏమన్న సంబంధం ఉందని ఎన్నడూ అనుకోలే.

ప్రాజెక్టుకు మార్కులు వచ్చినయి. కానీ ఐదు జాగలకు పోయి చూడాలె, తెలిసినోళ్లను అడగాలె అని ఆ రోజే అనుకున్న. ఇప్పటికి అన్నీ అయినయి. ఒక్కొక్కటి ఏం నేర్పిందో చెప్త.

జోడేఘాట్

దసరా సెలవుల్ల బాపుతోని పోయిన. హట్టి నుంచి గుట్టలెక్కి లోపలికి పోవాలె. ఇప్పుడు రోడ్డు ఉంది. అక్కడ పెద్ద విగ్రహం ఉంది, 2016ల తెరిచిన మ్యూజియం ఉంది. లోపల మన వాద్యాలు, నగలు, పనిముట్లు అద్దాల వెనక పెట్టిన్రు. బాపు ఒక దాని ముందర ఆగి, "ఇది మన అటక మీద ఉంది గదా" అన్నడు. ఇద్దరం నవ్వినం. ఇంటికొచ్చినంక ఆ వస్తువును దించి తుడిచి పెట్టిండు. మ్యూజియంల చూసేదాకా అది పాత సామానే.

కుమ్రం భీం కథ మీకు నేను కొత్తగ చెప్పేది ఏం లేదు. నిజాం కాలంల అడవిల పశువులు మేపితే పన్ను, పోడు కొడితే కేసు. పన్నెండు ఊళ్ల కోసం, మా ఊళ్లల్ల మా రాజ్యం అని భీం నిలబడ్డడు. 1940ల జోడేఘాట్ గుట్టల పోలీసులు కాల్చి చంపిన్రు. జల్, జంగల్, జమీన్ అంటే ఇప్పుడు దేశమంతా భీం పేరు చెప్తరు. 2016ల జిల్లాకు కూడా ఆయన పేరే పెట్టిన్రు.

నాకు కొత్తగ తెలిసింది ఒకటుంది. ఆయన చనిపోయిన తేదీ ఏంది అని ఫోన్‌ల వెతికితే సెప్టెంబర్ అని ఒక కాడ, అక్టోబర్ అని ఇంకో కాడ వస్తది. రెండు మూడు తేదీలు ఉన్నయి. అక్కడున్న ఒక పెద్దమనిషిని అడిగితే ఆయన నన్ను వింతగ చూసిండు. "ఆశ్వయుజ పున్నమ నాడు" అన్నడు. అంతే. మనోళ్లు వర్ధంతి ఆ పున్నమ నాడే చేస్తరు. కాగితాల మీద తేదీ మారొచ్చు గానీ, వెన్నెల రాత్రి పోలీసులు గుట్ట ఎక్కిన్రు అన్న జ్ఞాపకం మారలేదు. నా ప్రాజెక్టుల నేను రాసిన తేదీ పక్కన పెన్‌తోని "పున్నమ" అని రాసుకున్న.

నిర్మల్

డిసెంబర్‌ల ఒక పరీక్ష రాయనీకి నిర్మల్ పోయిన. హాస్టల్‌ల నా పక్క మంచం తమ్ముడిది ఆ పక్క ఊరే. పరీక్ష అయినంక రాంజీ గోండు విగ్రహం చూపిచ్చి, మర్రి ఉన్న జాగ దిక్కు తీసుకపోయిండు.

భీం కంటే ఎనభై ఏండ్ల ముందు రాంజీ గోండు ఇంగ్లీషోళ్ల మీద, నిజాం మీద లేచిండు. గోండులే కాదు, రోహిల్లాలు కూడా ఆయనతోని కలిసిన్రు. 1860ల ఆయనను, ఆయన మనుషులను ఒక మర్రికి ఉరేసిన్రు. వెయ్యి మంది అని చెప్పుకుంటరు. అందుకే దాని పేరు వెయ్యి ఉరుల మర్రి.

చెట్టు ఇప్పుడు లేదు. ఎప్పుడో కూలిపోయింది. నేను నా ప్రాజెక్టుల మర్రి ఫొటో అని అంటిచ్చింది ఏ ఊరి మర్రో దేవునికెరుక. సిగ్గనిపిచ్చింది. కానీ చెట్టు పోయినా పేరు పోలేదు. నేను దారిల చాయ్ తాగిన కాడ అడిగితే చదువు లేని ముసలాయన కూడా "వెయ్యి ఉరుల మర్రా" అని చెయ్యి ఎత్తి దిక్కు చూపెట్టిండు. ఇక్కడ గుర్తును కాపాడింది చెట్టు కాదు, ఆ పేరు పలికే నోళ్లు.

మార్లవాయి

మార్లవాయి మా ఊరికి దగ్గరే. అయినా ఎన్నడూ ఆగి చూడలే. జనవరి 11న పోయిన. ఆ రోజు హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి చేస్తరు.

తెల్వని తమ్ముళ్ల కోసం చెప్త. హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశపాయన. భీం చనిపోయినంక గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆయనకు పని అప్పజెప్పింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. 1943ల అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిల వాచకాలు అచ్చు వేయించిన్రు. మనోళ్లకు భూమి పట్టాలు రావడంల ఆయన రిపోర్టుల పాత్ర ఉంది. బెట్టీ 1987ల హైదరాబాద్‌ల చనిపోతే మార్లవాయికి తెచ్చి మట్టిచేసిన్రు. ఆయన 1995ల లండన్‌ల చనిపోయిండు. 2012ల ఆయన అస్థికలు కూడా తెచ్చి భార్య పక్కనే పెట్టిన్రు. రెండు సమాధులు పక్కపక్కన ఉన్నయి.

ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి మా తాదో దగ్గర కూసున్న. తెలుగుల తాత అనే రాస్త. మేం మాట్లాడుకున్నదంతా గోండిలనే, మీకోసం తెలుగుల పెడుతున్న.

"తాతా, మన ముత్తాతల ముచ్చట్లన్నీ ఆ దొర పుస్తకాల రాసిండంట. ఇంగ్లీషుల లావు లావు పుస్తకాలు. మన పేన్‌ల పేర్లు, మన పెళ్లిళ్లు, మన తిండి. అవి చదివితే గానీ మన సంగతి మనకు తెల్వకపాయె."

తాత చుట్ట కాలుస్తున్నడు. కొంచెం సేపు ఆగి అన్నడు. "ఆయన అడిగిండు. మా అయ్యలు చెప్పిన్రు. మీరు అడగరు గదా."

నాకు ఏం మాట్లాడాల్నో తెలియలే. నిజమే గదా. పన్నెండు నెలలు హాస్టల్‌ల ఉండి, సెలవుల్ల ఇంటికొస్తే ఫోన్ చూసుకుంట కూసునేటోణ్ణి. ఇప్పుడన్న అడుగుదామని అడిగిన. "తాతా, ఇంద్రవెల్లిల కాల్పులైన నాడు నువ్వెక్కడున్నవ్?"

తాత చుట్ట ఆర్పిండు. లేచి ఎడ్లకు గడ్డి వేయనీకి పోయిండు. చీకటైనా కొట్టంలకెళ్లి రాలే. అమ్మ నాతోని అన్నది, "ఆ ముచ్చట ఆయనను అడగకురా. నా పెండ్లైనప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలే."

కేస్లాపూర్

వారం తర్వాత పుష్య అమావాస్య, నాగోబా జాతర. మేం మెస్రం వంశపోళ్లం కాదు గానీ ప్రతి సంవత్సరం ఇంట్ల నుంచి ఎవరో ఒకరు పోతం. ఈసారి నేను ముత్నూర్‌ల దిగి నడుచుకుంట పోయిన.

ఇన్ని రోజులు జాతర అంటే దుకాణాలు, రంగులరాట్నం అనుకున్న. ఈసారి ఒక మెస్రం అన్న పక్కన కూసొని అడిగిన. జన్నారం దిక్కున్న హస్తినమడుగు దాకా వాళ్లు నడిచి పోతరు. గోదావరి నీళ్లు ఝరిల తీసుకొని మళ్లీ నడిచే వస్తరు. ఏ ఊరి కాడ ఆగాలె, ఎక్కడ రాత్రి పడుకోవాలె అన్నది పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. వచ్చేటప్పుడు ఇంద్రవెల్లి కాడ ఇంద్రాదేవికి పూజ చేస్తరు. తర్వాత కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతరు. కుండలు సిరికొండ కుమ్మరోళ్లు చేసిస్తరు. అమావాస్య రాత్రి మహాపూజ. కొత్త కోడళ్లను పెద్దలకు, దేవునికి చూపే భేటింగ్ ఉంటది. పర్ధాన్‌లు కిక్రి వాయించుకుంట వంశం కథ చెప్తరు. హైమన్‌డార్ఫ్ కాలంల 1942ల మొదలైన దర్బార్ ఇప్పటికీ జరుగుతది. గుడి కూడా మెస్రం వంశపోళ్లు తమ పైసలు తామే పోగేసి కొత్తగ కట్టుకున్నరు. 2022ల తెరిచిన్రు.

ఆ తొవ్వ అంతా ఒక చరిత్రే గదా. ఏ మలుపు కాడ కూడా బోర్డు లేదు, రాయి మీద అక్షరం లేదు. కానీ ఏ సంవత్సరం కూడా ఎవరూ తొవ్వ తప్పలేదు. ఎందుకంటే ప్రతిసారి పెద్దోళ్ల వెనక చిన్నోళ్లు నడుస్తరు. నడిచి నేర్చుకుంటరు.

మన ఊళ్లల్ల కూడా చూడండి. ఊరి పొలిమేరల ఆకిపేన్ ఉంటడు, అవ్వల్ ఉంటది. చెట్టు కింద రెండు రాళ్లు. తెల్వనోనికి అవి ఉట్టి రాళ్లు. ఊరు ఎవరు కట్టిన్రు, ఎక్కడ మొదలైతది అన్న ముచ్చట ఆ రాళ్ల కాడనే ఉంటది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మిషన్ ఆయనకు అవి కనపడవు. కాయితం మీద లేవు గాబట్టి అడిగే హక్కు కూడా మనకు లేదన్నట్టు మాట్లాడుతరు.

ఇంద్రవెల్లి

ఇగ అసలు ముచ్చటకు వస్తున్న.

ముందుగాల పుస్తకాల్ల ఉన్నది చెప్త. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిల సోమవారం అంగడి. మన భూములు సావుకార్ల చేతులకు, బయటి నుంచి వచ్చినోళ్ల చేతులకు పోతున్నయని, అడవిల పోడు చేస్తే కేసులు పెడుతున్నరని గిరిజన రైతుకూలీ సంఘం ఆ రోజు సభ పెట్టింది. సభకు ఇచ్చిన పర్మిషన్ రద్దు చేసిన్రు, 144 సెక్షన్ పెట్టిన్రు. గూడల్లకెళ్లి నడిచొచ్చే జనాలకు ఆ సంగతి ఎట్ల తెలుస్తది? పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాలోళ్లు 60 దాకా అన్నరు. మన ఊళ్లల్ల ఇంకా ఎక్కువ అంటరు.

సార్ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇప్పుడు దొరికింది. చనిపోయినోళ్ల గుర్తుగ సంఘపోళ్లు మొదట స్తూపం కట్టిన్రు. 1986ల దాన్ని ఎవరో కూలగొట్టిన్రు. 1987ల ఐటిడిఎ మళ్లీ కట్టింది. అంటే నేను బస్సులకెళ్లి చూసేది రెండో స్తూపం. కట్టినంక కూడా ఎన్నో ఏండ్లు ఏప్రిల్ 20 వస్తే 144 పెట్టేటోళ్లు, చుట్టూ పోలీసులు ఉండేటోళ్లు. పూలు పెట్టనీకి కూడా సొంత జనం భయపడేటోళ్లు. 2024 ఫిబ్రవరిల ముఖ్యమంత్రి వచ్చి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేసిండు.

ఇది కాయితం మీదిది. మా తాతది వేరే.

మార్చిల ఒక ఆదివారం నేను ఇంటికి పోయిన. రాత్రి అన్నం తినేటప్పుడు తాతనే అన్నడు, "ఈసారి ఏప్రిల్ 20 ఏ వారం?" నేను ఫోన్‌ల చూసి, "సోమవారం తాతా" అన్న. తాత చెయ్యి కడుక్కొని చాలాసేపు ఏం మాట్లాడలే. పడుకునే ముందు అన్నడు. "ఆ రోజు జనం ఉంటరు, నేను రాను. రేపు కూడా సోమవారమే గదా. అంగడికి పోదాం పా."

తెల్లారి ఇద్దరం బస్సెక్కినం. స్తూపం కాడికి పోయినం. తాత చెప్పులు ఇడిచి దండం పెట్టిండు. స్తూపం దిక్కు ఎక్కువసేపు చూడలే. అటు తిరిగి అంగడి దిక్కు నడిచిండు. ఒక చింతచెట్టు నీడకు పోయి, ఇక్కడనే అన్నట్టు కట్టెతోని నేల మీద పొడిచిండు.

"ఇక్కడ బండ్లు ఇడిచేటోళ్లం."

తర్వాత తాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"నాకప్పుడు ఇరవై రెండేండ్లు ఉంటయి. నేను సంఘం మీటింగ్‌కు రాలే. ఇప్పపువ్వు అమ్మి ఉప్పు, నూనె తీసుకపోదామని వచ్చిన. జనం మస్తు ఉన్నరు. నేను ఉప్పు కొలిపిచ్చుకుంటున్న. చప్పుడు ఇనపడ్డది. పటాకులు అనుకున్న. జనం ఉరుకుతుంటే నేను ఉరికిన. ఎటు ఉరికిననో తెల్వదు. వాగుల పన్నుకున్న. పొద్దు గూకినంక ఊరికి పోదామని వస్తుంటే ఇక్కడ బండ్లు ఉన్నయి. మనుషులు లేరు. ఎడ్లు కట్టేసే ఉన్నయి. పొద్దటి నుంచి నీళ్లు లేవు వాటికి. గుంజుతున్నయి, ఒర్లుతున్నయి. నాకు భయం. ఎవరన్న చూస్తే కాలుస్తరని భయం. రెండు జతలు ఇప్పిన. ఇంకా ఉండె. టార్చి లైట్లు పడ్డయి. మళ్లీ ఉరికిన."

నేను అడిగిన. "ఎంతమంది చనిపోయిన్రు తాతా?"

"లెక్క నాకు తెల్వదు. నేను ఇప్పిన ఎడ్లు రెండు జతలు. అది తెలుసు."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? అందరు మీ తాత ఇంద్రవెల్లికి పోయిండంట అంటరు. నేను ఉప్పుకు పోయిన. చనిపోయినోళ్లు భూమి కోసం పోయిన్రు. నేను ఉరికొచ్చిన. తర్వాత పోలీసులు గూడలల్ల తిరిగిన్రు, ఎవరెవరు పోయిన్రని అడిగిన్రు. నేను పోలే అని చెప్పిన. అప్పటి నుంచి పోలే అనే చెప్పుకుంట వచ్చిన."

అంగడిల ఉప్పు కొనుక్కున్నం. నేను కొనలే, తాతనే కొన్నడు. రెండు కిలోలు. బస్సుల కిటికీ పక్కన ఆయన కూసున్నడు. స్తూపం దాటేటప్పుడు ఈసారి మెడ తిప్పి, కనపడకుండా పోయేదాకా చూసిండు. ఉట్నూర్ దాటినంక నన్ను అడిగిండు.

"ఇప్పి పెట్టిన ఎడ్లు ఇండ్లు చేరినయో లేదోరా. ఎడ్లకు తొవ్వ తెలుస్తది గదా?"

"తెలుస్తది తాతా" అన్న. కానీ నాకేం తెలుసు?

ఇది గ్రూపుల రాస్త అని ఆయనను అడిగిన. మొదలు వద్దన్నడు. రెండు రోజులు ఆలోచించి, "రాయి. నా పేరు, ఊరు రాయకు" అన్నడు. అందుకే రాయలే. నేనెవరో తెలిసిన అన్నలు ఉంటే దయచేసి కామెంట్ల పేరు పెట్టకండి.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది

ఐదు జాగలు తిరిగినంక నాకు అర్థమైంది ఒక్కటే. రాయి తనంతట తాను ఏం చెప్పదు. స్తూపం, విగ్రహం, సమాధి, మ్యూజియం ఏదైనా సరే, పక్కన నిలబడి చెప్పే మనిషి ఉంటేనే అది గుర్తు. లేకపోతే బస్సుల పోయేటోనికి అది ఒక ఎర్ర స్తంభం. మనకు బోర్డులు కావాలె, మ్యూజియంలు కావాలె, నేను వద్దంటలేను. స్మృతివనం మంచిగ కావాలె. కానీ దానిల సర్కారు 13 అని రాసినా, ఇంకెవరో 60 అని రాసినా, రెండు జతల ఎడ్ల ముచ్చట దాంట్ల ఉండదు. అది ఒక ముసలాయన నోట్ల ఉంది. 1981ల ఇరవై ఏండ్లున్నోళ్లకు ఇప్పుడు అరవై ఐదు దాటినయి. మనం అడగకపోతే ఇంకో పదేండ్లకు అడగనీకి ఎవరూ ఉండరు.

మనం చదువుకుంటున్నం. రాయనీకి వస్తది, ఫోన్ ఉంది, రికార్డు చేయొచ్చు. హైమన్‌డార్ఫ్ లెక్క ఎక్కడి నుంచో రావాల్సిన పని లేదు, మన ఇంటి అరుగు మీదనే కూసోవచ్చు. అందుకే ఎండాకాలం సెలవుల్ల ఒక్కొక్కరం ఒక్క పని చేద్దాం. గోండు, కొలాం, తోటి, పర్ధాన్, నాయకపోడ్, కోయ, ఏ తెగోళ్లమైనా సరే.

ఒకటి, మీ ఊర్ల ఒక జాగ గురించి రాయండి. గుట్ట, మర్రి, బావి, ఆకిపేన్, పాడుబడ్డ ఊరు, ఏదైనా. ఫోన్‌ల దొరికేది వద్దు, మీ కాళ్లతో పోయి చూసింది రాయండి.

రెండు, ఆ జాగ పేరు మన భాషల ఏమంటరో అట్లనే రాయండి. రికార్డుల మార్చిన పేరు పక్కన పెట్టండి. గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది, వచ్చినోళ్లు ఆ లిపిల కూడా రాయండి.

మూడు, ఎవరు చెప్పిన్రో రాసుకోండి. కానీ వాళ్లు ఒప్పుకుంటేనే పేరు పెట్టండి. ఇది నేను తాత దగ్గర నేర్చుకున్న.

నాలుగు, ఇద్దరు పెద్దలు రెండు రకాలుగ చెప్తే రెండూ రాయండి. ఏది నిజమో మనం తేల్చేయొద్దు. రాయి సెంటర్ పెద్దలతోని కూసున్నప్పుడు అడుగుదాం.

ఐదు, గొప్ప ముచ్చటే కావాలని పట్టుబట్టకండి. మా తాత నలభై ఏండ్లు నోరు తెరవకపోవడానికి కారణం ఆయన దగ్గర గొప్ప ముచ్చట లేదనుకోవడమే.

చివరిది నా సొంత పని. నార్నూర్, ఇంద్రవెల్లి, ఉట్నూర్, సిర్పూర్-యు, జైనూర్ దిక్కు తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ ఇండ్లల్ల పెద్దోళ్లను ఒక్క మాట అడగండి. 1981ల ఆ సోమవారం రాత్రి, లేకపోతే మంగళవారం తెల్లారి, మనిషి లేకుండా, బండి లేకుండా ఎడ్ల జత ఏదన్న మీ ఊరికి వచ్చిందా అని. మీ ఇంటికి కాకపోయినా, పక్కింటికి వచ్చిందని ఎవరన్న అనంగ విన్నరా అని.

విన్నోళ్లుంటే నాకు మెసేజ్ పెట్టండి. మా తాతకు చెప్పాలె.

రాం రాం.